ఆలస్యానికి కారణం

లియెపాయ ఊరికి ఒక్కటే ట్రామ్ దారి.
పంతొమ్మిదేళ్లుగా దాని మీదే నా బతుకు,
ఇటు చివర నుంచి అటు చివరకి.
ఈ సాయంత్రం మాత్రం
సంగీత పాఠశాల మేడ మీద హాల్లో
పియానోకి ఎడమ పక్క, వెన్ను లేని స్టూలు మీద
గ్లవ్స్ విప్పి జేబులో కుక్కుకుని కూర్చున్నాను.

పేజీలు తిప్పాల్సిన కుర్రాడికి జ్వరం.
మిర్ద్జా టీచర్ ఫోన్ చేసింది:
"స్వరాలు చదవడం ఇంకా వచ్చునా నీకు?"
పద్నాలుగో ఏట మానేసిన విద్య
వేలు విడిచిన చుట్టం లాంటిది.
ఎదురుపడితే పేరు గుర్తొస్తుంది,
ఏం మాట్లాడాలో తోచదు.
వచ్చునన్నాను.

హాలంతా తడి ఉన్ని వాసన.
రేడియేటర్ల మీద టోపీలు ఆరుతున్నాయి.
ముందు వరుసలో ఓ తాత
చప్పుడు కాకూడదని
దగ్గు బిళ్ళ కాగితం మెల్లగా విప్పుతున్నాడు,
అందుకే అది ఎంతకీ అయిపోని చప్పుడు.

ఎస్తెరెకి పదిహేనేళ్లు.
గడ్డం కింద ఎర్రటి మచ్చ,
వాయులీనం రోజూ కరిచే చోటు.
రాల్ఫ్స్ ఈ చలికాలమే పొడుగెదిగాడు,
కోటు చేతులు ఇంకా నిరుటివే.
అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.
ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.
ఆ పిల్ల ముక్కుతో ఒక్క ఊపిరి పీల్చింది,
అంతే, ఇద్దరూ కలిసి కదిలారు.
ఎరుపూ ఆకుపచ్చా తప్ప
ఊపిరి కూడా సిగ్నలవుతుందని
నాకు ఎవరూ నేర్పలేదు.

వాడు తలూపితే నేను తిప్పాలి.
ఎడమ చేత్తో, పై మూల పట్టుకుని,
స్వరాల మీద నా నీడ పడకుండా.
మొదటి భాగమంతా బాగానే తిప్పాను.
వంతెన దగ్గర మలుపులా
ముందే తెలిసిపోయేది ఎక్కడ నెమ్మదించాలో.

రెండో భాగం నిదానం.
పియానో అడుగులో అడుగేస్తుంటే
పైన వాయులీనం ఏమీ అడగకుండా నడుస్తోంది.
అప్పుడొచ్చింది ఆ స్వరం.

బొగ్గు కొనడానికి మా పియానో అమ్మేసిన ఏడు,
ముగ్గురు మనుషులు దాన్ని పక్కకి వాల్చి
మెట్లు దించుతుంటే
మలుపులో ఎవరి మోచెయ్యో తగిలి
ఒకే ఒక్క మీట మోగింది.
అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు.
ఆ మీటే ఇది.
రాల్ఫ్స్ చిటికెన వేలు కింద
ఏమీ ఎరగనట్టు మోగింది.

వాడు తలూపాడు.
మళ్ళీ ఊపాడు.
నేను వింటున్నాను.

పుట అయిపోయింది.
రెండు చేతులూ మీటల మీద గాల్లో ఆగిపోయాయి.
అప్పుడు ఎస్తెరె
వెనక్కి తిరగలేదు, కళ్లు కూడా తెరవలేదు,
కమానుని దారంలా సాగదీస్తూ
దాటిపోవలసిన స్వరం మీదే నిలబడింది.
పరుగెత్తుకొస్తున్న ముసలామె కోసం
తలుపు మూయకుండా పట్టి ఉంచుతాం చూడండి,
అలా.
రూల్సు పుస్తకంలో ఆ మాట ఉండదు.

నా చెయ్యి కదిలింది.
కాగితం తెరచాపలా చప్పుడు చేసింది.
రాల్ఫ్స్ ఎక్కాడు.

చప్పట్లయ్యాక, బొచ్చు కాలరు కోటావిడ ఒకామె
ఆ ఒక్క స్వరం దగ్గర ఒళ్లు జలదరించిందని
పక్కామెతో అంటోంది.
మిర్ద్జా టీచర్ కళ్లద్దాల పైనుంచి
నా వంక చూసి, ఏమీ అనలేదు.
మెట్ల కింద బన్ను తింటున్న ఎస్తెరెని
క్షమించమందామని వెళ్లాను.
"దేనికి?" అంది నోటి నిండా బన్నుతో,
నిజంగానే తెలియనట్టు.
తర్వాత రాల్ఫ్స్ చేతిలోంచి
వాడి బన్ను కూడా లాక్కుంది.

రాత్రి డ్యూటీకి మూడు నిమిషాలు లేటయ్యాను.
రిజిస్టరులో ఒక గడి ఉంటుంది,
'ఆలస్యానికి కారణం' అని.
పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నాను.
సముద్రం మీంచి గాలి
అద్దాలు వాయిస్తోంది.
గాలి, అని రాశాను.
మా ఊళ్ళో అంతకంటే ఎవరూ అడగరు.